సర్కారు బడి తనిఖీ: చూడటం వచ్చు, మళ్లీ రావడమే రాదు

మా ఊరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల గేటు దగ్గర ఉదయం ఎనిమిదింటికే బ్లీచింగు పౌడరు వాసన వచ్చిందంటే, ఆ రోజు తనిఖీ ఉందని పిల్లలకు కూడా తెలిసిపోతుంది. వరండా ముందు ముగ్గు పడుతుంది, నిన్నటిదాకా మూలన పడి ఉన్న చెత్తబుట్ట కడిగించుకుని గుమ్మం పక్కకు వస్తుంది, ఆఫీసు గదిలోని గ్లోబు మీద దుమ్ము పోతుంది. వశిష్ఠ గోదావరి గట్టుకు ఆనుకుని ఉన్న ఈ బడిలో మా అమ్మాయి నాలుగో తరగతి చదివింది. నేను కొబ్బరికాయల వ్యాపారం చేసుకునేవాణ్ని, పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యుణ్ని. ఆ హోదాలో గత విద్యా సంవత్సరంలో జరిగిన మూడు తనిఖీలకు కుర్చీలు వేశాను, వచ్చినవారి వెంట గదిగదికీ తిరిగాను, ఆ పైన ఒక నివేదికను సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చుకుని చదివాను. మన పన్నులతో, మన పిల్లల కోసం నడిచే సేవ కాబట్టి, దాన్ని అందుకున్నవాడిగా దాని మంచిచెడ్డలు నలుగురికీ చెప్పడంలో తప్పు లేదనుకుంటున్నాను. ఊరి పేరు, మండలం పేరు కావాలనే రాయడం లేదు. ఇందులో కనిపించేవారంతా నాకు రోజూ సంతలోనో రేవులోనో ఎదురుపడేవారే.

తనిఖీ అనేది ఒకే ఒక్క అధికారి చేసే పని కాదు. చుట్టుపక్కల కొన్ని బడులను కలిపిన క్లస్టరు స్థాయిలో, వాటి మధ్య తిరిగే ఉపాధ్యాయుడు సీఆర్‌ఎంటీ తరచుగా వస్తుంటారు, మండల విద్యాశాఖాధికారులు ఇద్దరున్నారు, వారి పైన ఉప విద్యాశాఖాధికారి, ఆ పైన జిల్లా విద్యాశాఖాధికారి ఉంటారు. భవనాల సంగతి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి పథకమైన సమగ్ర శిక్ష ఇంజినీర్లు చూస్తారు, గ్రామ సచివాలయం నుంచి సంక్షేమ, విద్యా సహాయకుడు కూడా వచ్చిపోతుంటారు. వీరందరికీ కొలబద్ద మాత్రం ఒక్కటే. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులో బడికి ఏమేమి ఉండాలో స్పష్టంగా చెప్పింది: ఎండకూ వానకూ తట్టుకునే భవనం, ప్రతి ఉపాధ్యాయుడికీ కనీసం ఒక తరగతి గది, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, పిల్లలందరికీ చాలినంత సురక్షితమైన తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ లేదా కంచె. బడి ఈ కొలతకు తూగుతుందా లేదా అని చూడటమే తనిఖీ పని. ఆ పని ఎలా చేస్తున్నారన్నదే ఈ సమీక్ష.

మొదటి తనిఖీ జూన్ మూడో వారంలో, పుస్తకాల కోసం జరిగింది. పుస్తకాలు, సంచి వగైరా ఉండే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్లు బడి తెరిచిన జూన్ 12 నాటికి చాలావరకు చేరాయి. వచ్చిన అధికారిణి ముందుగా స్టాకు రిజిస్టరు తెరిచారు, అంకెలు చూశారు, సంతకం పెట్టారు. చాలామంది అక్కడితో లేచి వెళ్లిపోతారు. ఆవిడ మాత్రం మూడో తరగతి గదిలోకి వెళ్లి, "తెలుగు పుస్తకం ఎత్తి చూపించండమ్మా" అన్నారు. పిల్లలంతా ఎత్తారు. గణితం అన్నారు, ఎత్తారు. పరిసరాల విజ్ఞానం అనేసరికి నలుగురి చేతులు కిందనే ఉండిపోయాయి. రిజిస్టరులో అన్ని పుస్తకాలూ అందినట్టే ఉంది, రిజిస్టరు అబద్ధమూ కాదు. ఎన్ని పుస్తకాలు కావాలో అడిగే ఇండెంటు కిందటి ఏడాది హాజరులో ఉన్న పిల్లల లెక్కతో వెళ్తుంది. బడి తెరిచాక ప్రైవేటు బడి నుంచి మారి వచ్చిన నలుగురు ఆ లెక్కలో లేరు. మిగతా పుస్తకాలను పాత విద్యార్థుల మిగులులోంచి సర్దిన మాస్టారికి ఈ ఒక్క పుస్తకం మిగులు దొరకలేదు. ఆవిడ అక్కడే నిలబడి పక్క క్లస్టరుకు ఫోను చేసి, ఏ బడిలో ఆ పుస్తకం అదనంగా ఉందో కనుక్కుని, మర్నాడు మధ్యాహ్నానికల్లా సీఆర్‌ఎంటీ బండి మీద నాలుగు ప్రతులు పంపించారు. నేను చూసిన తనిఖీలన్నిటిలో ఇది మేలైనది. కాగితాన్ని నమ్మకుండా పిల్లవాడి చేతిని చూడటం, లోపాన్ని రాసి ఊరుకోకుండా సరిచేయడం, ఈ రెండూ ఒకే రోజులో జరిగాయి. ఇంకొక మర్యాద కూడా చెప్పాలి. లోపం బయటపడినప్పుడు ఆవిడ హెడ్మాస్టరు గారిని పిల్లల ముందు ఒక్క మాట అనలేదు, పక్కకు తీసుకెళ్లి అడిగారు. నేను చదువుకునే రోజుల్లో ఇన్‌స్పెక్టరు గారు వచ్చి వెళ్లాక మా మాస్టారి ముఖం ఎలా ఉండేదో నాకింకా గుర్తుంది.

అయితే పుస్తకాలు రెండు విడతలుగా వస్తాయన్న సంగతి తనిఖీ మరిచిపోతుంది. తెలుగు ఒక పేజీలో, దానికెదురుగా ఇంగ్లీషు మరో పేజీలో ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాక పుస్తకం లావు పెరిగింది. సంచి బరువు తగ్గించడానికి వాటిని సెమిస్టర్లుగా విడగొట్టారు. మంచి ఆలోచనే. కాని తనిఖీ పత్రంలో పుస్తకాల గడి జూన్‌లో ఒకసారి నిండితే ఏడాదంతా నిండినట్టే లెక్క. రెండో సెమిస్టరు కట్టలు వచ్చినప్పుడు మా బడిలో నాలుగో తరగతి గణితం పుస్తకాలు మూడు తక్కువ వచ్చాయి. అప్పుడు ఎవరూ పిల్లలను చేతులెత్తమనలేదు. మా అమ్మాయీ పక్కింటి కుర్రాడూ ఒకే పుస్తకంతో నెట్టుకొచ్చారు: సోమ, బుధ, శుక్రవారాల రాత్రి అది మా ఇంట్లో, మిగిలిన రాత్రులు వాళ్లింట్లో. మూడు వారాల తర్వాత కొత్తవి వచ్చేదాకా ఇదే ఏర్పాటు. అధికారిక లెక్కలో మాత్రం మా బడి నూటికి నూరు శాతమే, ఎందుకంటే ఆ శాతం జూన్ నాటిది.

పుస్తకం ఉందా లేదా అని చూసేవారు దాన్ని తెరిచి చూడరన్నది మరో కొరత. అచ్చు వేసేటప్పుడు పదహారేసి పేజీలను ఒక ఫారంగా మడిచి కుడతారు. ఒక్క ఫారం తప్పిపోయి, దాని చోట మరొకటి రెండుసార్లు పడితే పుస్తకం లావు తగ్గదు, అట్ట మారదు, లెక్కలో తేడా రాదు. మా బడిలో ఒక పాపకు అలాంటి పుస్తకమే వచ్చింది. పాత పుస్తకాల్లో అయితే ఒక భాషలో పాఠం పోయేది. ఎదురెదురు పేజీల పద్ధతిలో అదే పాఠం రెండు భాషల్లోనూ పోయింది. తరగతికి మూడు పుస్తకాలు చేతికందినవి తీసి పేజీ అంకెలు తిప్పి చూడటానికి పది నిమిషాలు చాలు. కొబ్బరి రాశిలో నాలుగు కాయలు తీసి కొట్టి చూడకుండా ఏ వ్యాపారీ బస్తా కట్టడు.

రెండో తనిఖీ భవనానికి సంబంధించినది. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదిలో సర్కారు బడి పైకప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. ఆ మర్నాడే కేంద్ర విద్యాశాఖ బడుల భద్రతను తనిఖీ చేయించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. మా బడికి ఇంజినీరు గారు ఆగస్టులో వచ్చారు. మా బడిలో రెండు భవనాలున్నాయి. ఒకటి 2019 నవంబరు 14న మొదలైన, సర్కారు బడులను బాగుచేసే నాడు-నేడు పథకం తొలి విడతలో, రాష్ట్రంలోని 15,715 బడులతో పాటు బాగుపడినది. టైల్సు, ఫ్యాన్లు, గోడల మీద బొమ్మలతో చూడముచ్చటగా ఉంటుంది. రెండోది అంతకంటే చాలా పాతది. రెండు గదుల శ్లాబు, ముందు వరండా.

సముద్రానికి దగ్గరగా ఉన్న డెల్టాలో శ్లాబు ఎలా చెడుతుందో మెట్ట ప్రాంతం వారికి చెబితే తప్ప తెలియదు. గాలిలో ఉప్పు ఉంటుంది, భూమిలో నీరు రెండు మూడు అడుగుల్లోనే తగులుతుంది, గోడ కింది భాగం ఏడాదిలో సగం రోజులు చెమ్మగానే ఉంటుంది. ఉప్పు కాంక్రీటులోకి చొరబడి లోపలి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఊరి లావెక్కుతుంది, ఊరిన చువ్వ కింది కాంక్రీటును తోసేస్తుంది. పైకి కనిపించేది సున్నం మీద ఒక సన్నటి గీత మాత్రమే, ఆ గీత వెంబడి పెచ్చు ఎప్పుడు రాలుతుందో ఎవరూ చెప్పలేరు. దానికి తోడు మా ఒండ్రు నేల వానలకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది కాబట్టి, కిటికీ మూలల నుంచి ఏటవాలుగా బీటలు పడతాయి. కిందటేడు రంగు వేశారు కాబట్టి ఆ బీటలు కూడా సగం కనిపించవు. తనిఖీకి ముందు రంగు వేయడం కన్నా తనిఖీని చెడగొట్టే పని మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇంజినీరు గారు నేల మీద నిలబడి పైకి చూశారు, సెల్‌ఫోనుతో ఫోటోలు తీశారు, బయటికి వచ్చేయబోయారు. నేను కాయను కొట్టి శబ్దం విని లోపల నీరుందో లేదో చెప్పే వృత్తిలో ఉన్నవాణ్ని. అందుకని కమిటీ తరఫున ఒక్క నిమిషం ఆగమని అడిగి, కాయలు దింపే గెడతో శ్లాబును నాలుగైదు చోట్ల తట్టాను. రెండు చోట్ల గట్టి శబ్దం వచ్చింది, మూడో చోట బోలుగా మోగింది. ఆయన ముఖం మారింది. గెడ నా చేతిలోంచి తీసుకుని తానే గదంతా తట్టి చూసి, "చువ్వ ఊరిందండి, ఈ గదిలో పిల్లల్ని కూర్చోబెట్టకండి" అన్నారు. ఆ సాయంత్రమే గదికి తాళం పడింది. ఒక కొబ్బరి వ్యాపారి మాటను తీసిపారేయకుండా విన్నందుకు ఆయనకు నమస్కారం. అయినా ఆ గెడ మా దగ్గర లేకపోతే ఏమయ్యేదన్న ప్రశ్న నన్ను వదలడం లేదు. చిన్న సుత్తి పట్టుకుని తట్టడం భవన పరీక్షలో మొదటి పాఠం, ఆ సుత్తి కారులోనే ఉండాల్సింది.

తాళం పడిన మర్నాటి నుంచి ఒకటి, రెండు తరగతుల పిల్లలు వరండాలో కూర్చున్నారు. నివేదికలో "గది వాడకం నిలిపివేయడమైనది" అని ఉంది. మరి పిల్లలు ఎక్కడ కూర్చోవాలన్న గడి ఆ పత్రంలో లేదు. ఉపాధ్యాయుడికొక గది అన్న చట్టం మాట తాళం వేసిన రోజునే తప్పింది. అయినా తాళం వేయడం పని పూర్తయినట్టుగానే నమోదైంది. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు బడులకు సెలవులిచ్చారు, అది వేరే సంగతి. సెలవులు లేని మామూలు ఈశాన్య రుతుపవనపు వానల్లో, జల్లు వరండాలోకి కొట్టినప్పుడల్లా ఆ పిల్లలను మా అమ్మాయి తరగతిలోకి తోలేవారు. ఒకే నల్లబల్ల మీద ఒక పక్క అక్షరాలు, రెండో పక్క భిన్నాలు.

మూడో తనిఖీ ఫిబ్రవరిలో, సౌకర్యాలన్నిటినీ కలిపి చూసేందుకు జరిగింది. మరుగుదొడ్ల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. యాప్‌లో ఫోటోలు పెట్టాల్సి ఉండటం వల్ల అవి మునుపటికన్నా శుభ్రంగానే ఉంటున్నాయి, బాలికల దొడ్డికి గడియ లేదని రాసిన వారంలోనే అది బిగించారు. ముప్పై దాటి వందలోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష ఏడాదికి ఇచ్చే మిశ్రమ గ్రాంటు 25,000 రూపాయలు, అందులో కనీసం పదోవంతు పరిశుభ్రతకే ఖర్చు పెట్టాలి కాబట్టి ఇలాంటి చిన్న పనులకు డబ్బు దొరుకుతుంది. తనిఖీకి ఫలితం కనిపించేది ఇలా హెడ్మాస్టరు చేతిలోని డబ్బుతో అయ్యే పనుల్లోనే.

నీటి సంగతి అలా కాదు, దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మా పక్క బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. అందుకని కాలువ నీటితో ఊరి మంచినీటి చెరువును నింపుకుని, ఆ నీటినే శుద్ధి చేసి ట్యాంకుకు ఎక్కిస్తారు, బడి కొళాయికి వచ్చేది అదే. ఫిబ్రవరిలో దాళ్వా (రెండో పంట) చేలకు కాలువలు నిండుగా పారుతుంటాయి, చెరువు అంచుల దాకా ఉంటుంది, నీళ్లు తేటగా తియ్యగా ఉంటాయి. వచ్చినవారు కొళాయి తిప్పారు, గ్లాసులో పట్టి చూశారు, "తాగునీరు: ఉంది, బాగుంది" అని నొక్కారు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తే మళ్లీ నీళ్లు వదిలేది జూన్‌లోనే. చెరువు అడుగంటే కొద్దీ నీటికి రంగూ వాసనా వస్తాయి. ఒంటిపూట బడుల చివరి రోజుల్లో, జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజుల్లో పిల్లలు తాగేది ఆ నీరే. బడిని శుభ్రం చేసే ఆయమ్మ ఆ మాటే అధికారితో అంది: "ఆయ్, ఇప్పుడు బానే ఉంటాయండి. కాలువ కట్టేశాక ఓసారి రండి, అప్పుడు తెలుస్తుంది." ఆయన నవ్వి ఊరుకున్నారు. నివేదికలో రాయదగ్గ మాట ఆ రోజు మొత్తం మీద అదొక్కటే.

గ్లాసులో పట్టి చూస్తే నీటి రంగు తెలుస్తుంది, గుణం తెలియదు. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, మరో దారి లేనప్పుడు మాత్రమే 2,000 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. క్లోరిన్ వేసిన నీటిలో అది లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. లవణాలను చూసే మీటరు కలమంత ఉంటుంది. క్లోరిన్ పరీక్షకు రెండు చుక్కల మందు, ఒక గాజు గొట్టం చాలు. రొయ్యల చెరువు నీటిని వారం వారం ల్యాబుకు పంపి ఉప్పు శాతం, పీహెచ్, అమ్మోనియా చూపించుకునే ప్రాంతం మాది. మా కమిటీలోనే ఇద్దరు ఆక్వా రైతులున్నారు, వాళ్ల బండి డిక్కీలో ఎప్పుడూ పరీక్ష కిట్టు ఉంటుంది. రొయ్యపిల్లకు జరిగే పరీక్ష బడిపిల్లకు జరగడం లేదని నేనంటే వాళ్లు మొదట నవ్వారు, తర్వాత తలలు దించుకున్నారు. ఏప్రిల్ రెండో వారంలో వాళ్ల మీటరుతోనే కొళాయి నీరు చూశాం. ఫిబ్రవరిలో అదే మీటరుతో చూసిన అంకెకు ఇది రెండింతలకు పైనే ఉంది. ఆ కాగితం హెడ్మాస్టరు గారికి ఇచ్చాం, ఆయన పైకి పంపారు.

నిప్పు విషయంలో తనిఖీ మరీ మొక్కుబడిగా ఉంది. 2004 జులై 16న కుంభకోణం బడి మంటల్లో 94 మంది పిల్లలు చనిపోయిన తర్వాత, భద్రత లేని బడిలో చదువుకునే హక్కుకు అర్థం లేదని సుప్రీంకోర్టు 2009 ఏప్రిల్ 13న తీర్పు చెప్పి, బడులన్నిటిలో మంటలార్పే పరికరాలు ఉండాలంది. మా బడిలో ఆ ఎర్ర సిలిండరు ఉంది, బీరువా పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. తనిఖీ పత్రంలోనూ "ఉంది" అనే ఉంది. దాని ముల్లు పచ్చ గీత దాటి ఎరుపులోకి ఎప్పుడో పడిపోయిందని నేను చూపిస్తే గాని ఎవరూ చూడలేదు. దాని పిన్ను లాగడం వచ్చినవారు కూడా బడిలో ఒక్కరూ లేరు. వంటగదిలో గ్యాసు పొయ్యి మీద రోజూ అన్నం వండుతున్న చోట ఇంత ఉదాసీనత పనికిరాదు. మా గోదావరి సీమలోని లంకల గన్నవరంలో ఆకలన్నవారికి వేళాపాళా లేకుండా వండి పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే బడి మధ్యాహ్న భోజన పథకానికి పెట్టుకున్నాం. వండి పెట్టే అమ్మల భద్రతకు కూడా పత్రంలో ఒక గడి ఉంటే ఆ పేరుకు తగినట్టుండేది.

వరద గురించి అసలు ప్రశ్నే లేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ మూడంకెలు ఇక్కడ నోటికి రాని మనిషి ఉండడు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చినప్పుడు లంకల్లో బడులు మునిగాయి, గట్టు ఇవతలి బడులు పునరావాస కేంద్రాలయ్యాయి. వందల మంది పది రోజులున్న బడిలో తర్వాత సెప్టిక్ ట్యాంకు ఎలా ఉందో, కింది అరల్లోని పుస్తకాలు ఏమయ్యాయో, బెంచీల కింద పాములేమైనా చేరాయో, నానిన గోడలోని స్విచ్చి బోర్డును మళ్లీ వేయవచ్చో లేదో చూసి "ఇక బడి తెరవండి" అని సంతకం పెట్టే తనిఖీ ఒకటుండాలి. రాష్ట్రమంతటికీ ఒకే నమూనా పత్రం కాబట్టి అనంతపురం బడినీ అంతర్వేది బడినీ ఒకే ప్రశ్నలు అడుగుతారు. మా హెడ్మాస్టరు గారు మాత్రం 2022 నాటి నీటి జాడను ఎర్ర ఎనామెలు రంగుతో గోడ మీద గీత గీయించి, పుస్తకాల బీరువాను ఆ గీతకు పైన ఉండేలా దిమ్మె మీద పెట్టించారు. మూడు తనిఖీల్లోనూ ఆ గీత ఏమిటని అడిగినవారు ఒక్కరే, అది కూడా పుస్తకాల అధికారిణే.

మా పిన్ని కొడుకు కాలిఫోర్నియాలో ఉంటాడు. వాళ్ల పాప సర్కారు బడిలోనే చదువుతోంది. తరగతి గది గోడ మీద ఒక నోటీసు ఉందని, పుస్తకం చాలకపోయినా, భవనం ప్రమాదకరంగా ఉన్నా ఎవరికి ఫిర్యాదు చేయాలో అందులో రాసి ఉందని ఒకసారి ఫోటో పంపాడు. అక్కడి బడులు స్వర్గాలనుకోనక్కర్లేదు. పుస్తకాలు లేని, ఎలుకలు తిరిగే బడుల పిల్లల తరఫున 2000లో విలియమ్స్ పేరుతో రాష్ట్రం మీద దావా వేస్తే, 2004లో రాజీ కుదిరి చట్టం వచ్చింది. ఆ చట్టంలో నాకు నచ్చినవి గడువులు. వెనకబడిన బడులను ఏడాది మొదలైన నాలుగు వారాల్లోపు కౌంటీ (మన జిల్లా లాంటిది) అధికారులు చూడాలి, పుస్తకాలు చాలలేదని తేలితే రెండో నెల ముగిసేలోపు సర్దాలి. మన విద్యాహక్కు చట్టం ఏమేమి ఉండాలో చక్కగా చెప్పింది. మన తనిఖీ పత్రంలో మాత్రం, లేనిది ఏ తేదీకల్లా రావాలో రాసే చోటు లేదు.

ఆ సంగతి నాకు నివేదిక చదివాకే పూర్తిగా అర్థమైంది. మండల కార్యాలయంలో 5 రూపాయల రుసుము కట్టి దరఖాస్తు పెడితే, 30 రోజుల గడువుకు నాలుగు రోజుల ముందే మూడు పేజీలు ఇచ్చారు, అందుకు వారిని మెచ్చుకోవాలి. నివేదికలో లోపాలన్నీ నిజాయితీగానే ఉన్నాయి: శ్లాబు, వరండా, కాలువ వైపు కూలిన కంచె, అన్నీ రాశారు. వాటికి ఎదురుగా "తీసుకున్న చర్య" అన్న గడిలో వరుసగా ఒకటే మాట: "ప్రధానోపాధ్యాయునికి సూచించడమైనది". గడియ బిగించమని సూచిస్తే ప్రధానోపాధ్యాయుడు బిగిస్తాడు. శ్లాబు మార్చమని సూచిస్తే ఆయన ఏ జేబులోంచి తీస్తాడు? 1854లో ఈస్టిండియా కంపెనీ కాలపు వుడ్ తాఖీదుతో బడుల తనిఖీ శాఖ మొదలైనప్పుడు గ్రాంటునూ దానితోనే ముడిపెట్టారు. పిల్లల పరీక్ష ఫలితాన్ని బట్టి బడికి డబ్బిచ్చే పద్ధతి మద్రాసు రాజధానిలో చాలా కాలం నడిచింది. అది పంతుళ్లను పీడించిన పద్ధతే, తిరిగి రావాలని ఎవరూ కోరరు. కాని చూసే కన్నుకూ ఇచ్చే చేతికీ అప్పుడున్న సంబంధం ఇప్పుడు పూర్తిగా తెగిపోయింది. చూసేవారు ఒక శాఖ, డబ్బు మంజూరు చేసేవారు మరొక చోట, మధ్యలో సూచనలు అందుకునే హెడ్మాస్టరు ఒక్కరే.

ఇంతకీ అయిదింటికి ఎన్ని మార్కులంటే, జూన్ నాటి పుస్తకాల తనిఖీకి అయిదు ఇస్తాను, రెండో సెమిస్టరుకు సున్నా. భవనానికి మూడు, అందులో ఒకటి ఇంజినీరు గారి వినయానికి. నీటికి ఒకటి, నిప్పుకు ఒకటి. వరదకు ప్రశ్నే లేదు కాబట్టి మార్కూ లేదు. ఫిబ్రవరిలో వచ్చినవారు బడిలో గడిపింది ముప్పావుగంట. అందులో పావుగంట యాప్‌కు సిగ్నలు కోసం ఏటిగట్టు ఎక్కి నిలబడటానికే సరిపోయింది. తాళం వేసిన గదికి అప్పుడు మరోసారి ఫోటో తీశారు, "గది వాడకం నిలిపివేయడమైనది" అని మరోసారి రాశారు.

ఈ జూన్‌లో మళ్లీ బ్లీచింగు వాసన వచ్చింది. ఈసారి కమిటీ సభ్యులం ముందురోజే కూర్చుని, కిందటేడు మూడు తనిఖీల్లో రాసిన లోపాలన్నీ ఒక తెల్ల కాగితం మీద ఎడమ పక్కన రాశాం. కుడి పక్కన నేటి స్థితి రాశాం, చివర ఒక గడి ఖాళీగా వదిలాం. సందర్శకుల పుస్తకంలో సంతకం చేయబోతుండగా ఆ కాగితం అధికారిణి ముందు పెట్టి, ఆ ఖాళీ గడిలో మళ్లీ ఎప్పుడు వస్తారో తేదీ వేయమని అడిగాం. కిందటి జూన్‌లో పిల్లల చేతులెత్తించిన అధికారిణే ఈసారీ వచ్చారు. కాగితం రెండుసార్లు చదివి, శ్లాబు తన చేతిలో లేదని, ఇంజినీర్లతో మాట్లాడి వస్తానని చెప్పి, ఆగస్టు 8 అని వేసి కింద పొట్టి సంతకం చేశారు. ఆ తేదీ ఇంకా రాలేదు. ఆవిడ వచ్చినా రాకపోయినా ఆ మర్నాడు ఈ సమీక్ష కింద రెండు వాక్యాలు చేరుస్తాను.